గాలి పీల్చే ఉక్కు

పడవ మీది స్టెయిన్‌లెస్ స్టీలు సామగ్రిని కొనేవారూ, కాపాడుకొనేవారూ మరువరాని ఒక సత్యం

1985 మే 9వ తేదీ సాయంత్రం. స్విట్జర్లాండులోని ఊస్టర్ పట్టణంలో, ఈతకొలను మీది కాంక్రీటు కప్పు ఉన్నట్టుండి కూలిపోయింది. 12 మంది ప్రాణాలు కోల్పోయారు. భూకంపం రాలేదు, గాలివాన వీచలేదు. ఆ కప్పును పైనుంచి వేలాడదీసి పట్టుకొని ఉన్న కడ్డీలు తెగిపోయాయి; అంతే. అవి మామూలు ఇనుప కడ్డీలు కావు. తుప్పు పట్టదని లోకమంతా నమ్మిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు.

ఆ భవనం కట్టి అప్పటికి 13 ఏళ్ళే అయింది. కొలనులోని నీటిని శుద్ధి చేయడానికి కలిపే క్లోరిన్ తాలూకు సమ్మేళనాలు వెచ్చని తేమగాలితో పాటు పైకి లేచి, కప్పు వెనుక ఎవరి కంటికీ ఆనని చోట, కడ్డీల మీద పేరుకొంటూ వచ్చాయి. ఒకవైపు బరువు లాగుతున్నది. మరొకవైపు క్లోరైడు కొరుకుతున్నది. లోహంలో వెంట్రుక వంటి పగుళ్ళు పుట్టి, లోపలికి పాకి, ఒకనాటికి కడ్డీ పుటుక్కున తెగింది.

ఈతకొలను కథతో పడవకు పనేమిటని అనిపించవచ్చు. ఉన్నది. ఒక లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వాటిలో సగానికి పైగా క్లోరైడే. ఊస్టర్‌లో ఆవిరి రూపంలో కొద్దికొద్దిగా వచ్చిన శత్రువు, సముద్రం మీద కెరటంగా, తుంపరగా, ఉప్పుగాలిగా రేయింబవళ్ళు పడవను చుట్టుముట్టి ఉంటుంది. అక్కడ కప్పును మోసిన లోహమే ఇక్కడ మనుషులను మోస్తున్నది.

బొటనవేలంత వస్తువు

తెరచాప పడవను దూరం నుంచి చూసేవారికి నిటారుగా నిలిచిన స్తంభమే కనిపిస్తుంది. నిజానికి ఆ స్తంభం తన బలంతో నిలబడి లేదు. ముందుకు, వెనుకకు, ఇరుపక్కలకు బిగించి కట్టిన ఉక్కు తీగలు దానిని నిలబెడుతున్నాయి. 6 మిల్లీమీటర్ల మందం ఉన్న మేలురకం తీగ సుమారు 3 టన్నుల లాగుడుకు గాని తెగదు. కాని ఆ తీగ చివర ఒక కొక్కెం, ఆ కొక్కేనికి ఒక పిన్ను, ఆ పిన్నుకు ఆధారంగా పడవ పక్కకు బిగించిన ఒక ఉక్కు పట్టీ ఉంటాయి. ఈ వరుసలో బొటనవేలంత వస్తువు ఒక్కటి తెగినా చాలు, స్తంభం క్షణాలలో నీటిలో ఉంటుంది.

2017 సెప్టెంబరు 10న గోవా తీరాన్ని విడిచిన భారత నౌకాదళపు తెరచాప పడవ 'తారిణి' ఆరుగురు మహిళా అధికారులతో భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చింది. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ మహాసముద్రంలో తుపాను గాలులు వీచేటప్పుడు ఇటువంటి పడవలో మనుషుల ధైర్యమెంత ముఖ్యమో, షాకిళ్ళు, పిన్నులు, బోల్టుల ఆరోగ్యమూ అంతే ముఖ్యం. నడిసముద్రంలో హార్డ్‌వేర్ దుకాణం ఉండదు.

చేపల పడవకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. చుక్కాని బందులు, యంత్రాన్ని పడవకు బిగించే బోల్టులు, ప్రొపెల్లరు షాఫ్టు, మోకు తిరిగే కప్పీలు, ఇవన్నీ చిన్నవే. అవి తప్పినప్పుడు జరిగేది మాత్రం చిన్నది కాదు.

కంటికి కనపడని కవచం

1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రియర్లీ అనే లోహశాస్త్రజ్ఞుడు, తుపాకి గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం ప్రయోగాలు చేస్తున్నాడు. సుమారు 13 శాతం క్రోమియం కలిపి పోత పోసిన ఉక్కు, ఆమ్లాలకు లొంగకపోవడం ఆయన గమనించాడు. దాదాపు అదే కాలంలో జర్మనీలోని క్రుప్ సంస్థలో స్ట్రౌస్, మౌరర్ అనే శాస్త్రజ్ఞులు క్రోమియంతో పాటు నికెల్ కూడా కలిపి మరొక జాతి ఉక్కును సాధించారు. నేటి పడవ సామగ్రిలో ఎక్కువ భాగం ఆ రెండవ జాతిదే. అయితే 'స్టెయిన్‌లెస్' అనే పేరు మాత్రం షెఫీల్డులో చాకులు, కత్తులు చేసేవారి నోట పుట్టింది. పులుపు తగిలినా మరక పడని కత్తికి పెట్టిన పేరది. సముద్రాన్ని దృష్టిలో పెట్టుకొని పెట్టినది కాదు.

ఈ ఉక్కుకు తుప్పు పట్టకపోవడానికి కారణం, చిత్రంగా, ఒక రకమైన తుప్పే. ఉక్కులో క్రోమియం 10.5 శాతానికి మించినప్పుడు, అది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి లోహం మీద అతి పలుచని పొరగా ఏర్పడుతుంది. ఆ పొర మందం కొన్ని నానోమీటర్లే. మనిషి వెంట్రుక దానికంటె వేల రెట్లు మందం. కంటికి కనిపించదు, చేతికి తగలదు. మామూలు ఇనుము మీది తుప్పు పెచ్చులుగా రాలి లోపలి లోహాన్ని బయట పెడుతుంది. ఈ పొర అలా రాలదు. గీత పడితే వెంటనే మళ్ళీ పుడుతుంది. ఉక్కు తన గాయాన్ని తానే మాన్పుకొంటుందన్న మాట.

కాని ఆ వైద్యానికి ఒకే ఒక మందు ఉన్నది. అది ప్రాణవాయువు. గాలి తగిలినంత కాలం స్టెయిన్‌లెస్ స్టీలు జీవిస్తుంది. గాలి అందని చోట, ఉప్పునీరు నిలిచిన చోట, ఊపిరాడని ప్రాణిలా నశిస్తుంది. పడవ సామగ్రిని ఎంచుకోవడంలోనూ, కాపాడుకోవడంలోనూ ఉన్న రహస్యమంతా ఈ రెండు వాక్యాలలోనే ఉన్నది.

బజారులో ఏమని అడగాలి?

అంగట్లో స్టెయిన్‌లెస్ స్టీలు అనే ఒక్క పేరుతో అనేక రకాల లోహాలు అమ్ముడవుతాయి. పడవ ఉన్నవారికి వాటిలో కొన్నిటి గుణగణాలు తెలిస్తే చాలు.

202 రకంలో ఖరీదైన నికెల్‌ను తగ్గించి మాంగనీసును పెంచుతారు. చవక, చూపుకు అందం. ఇంటి లోపల మెట్ల పక్క కడ్డీలకు సరిపోవచ్చు, సముద్రానికి తగదు.

304 రకంలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. మంచి వంట గిన్నెలు దీనితోనే చేస్తారు. నదులలో, చెరువులలో తిరిగే పడవలకు ఇది చాలును. ఉప్పుగాలిలో దీని మీద త్వరలోనే గోధుమరంగు మచ్చలు తేలుతాయి.

316 రకంలో నికెల్ ఇంకొంచెం ఎక్కువ. దానికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. క్లోరైడు దాడికి ఎదురు నిలిచేది ఈ చిన్న పాలు మాలిబ్డినమే. సముద్రపు పడవకు ఇదే కనీస యోగ్యత. వెల్డింగు చేయవలసిన భాగాలకు, బొగ్గుపాలు తగ్గించిన 316 ఎల్ రకం మేలు.

303 రకంలో, లేతు మీద సులువుగా తిరగడానికి గంధకం కలుపుతారు. కొన్ని పిన్నులు, నట్టులు దీనితో తయారవుతాయి. పని సులువైనదే గాని, ఆ గంధకమే తుప్పుకు తలుపు తెరుస్తుంది. సముద్రం మీద దీనిని వాడరాదు.

లోహశాస్త్రజ్ఞులు ఈ రకాలను పోల్చడానికి ఒక లెక్క వేస్తారు. మాలిబ్డినం శాతాన్ని 3.3తోనూ, నత్రజని శాతాన్ని 16తోనూ హెచ్చవేసి క్రోమియం శాతానికి కలుపుతారు. 304కు సుమారు 19 వస్తుంది, 316కు సుమారు 25. క్రోమియం 22 శాతం ఉండే 2205 అనే మరొక రకానికి సుమారు 35. ఎల్లకాలం సముద్రజలంలో మునిగి ఉండే భాగానికి ఈ అంకె 40 దరిదాపుల ఉండాలంటారు. దీనిని బట్టి ఒక సంగతి స్పష్టమవుతుంది: 316 రకం నీటిమట్టానికి పైన నమ్మదగిన సేవకుడు, నీటి అడుగున, అందులోనూ నీరు కదలని సందులలో, కనిపెట్టి ఉండవలసిన సేవకుడు.

అయస్కాంతం చెప్పని నిజం

స్టీలు మంచిదో కాదో తేల్చడానికి అయస్కాంతాన్ని ఆనించి చూడడం మన బజార్లలో వాడుక. అంటుకొంటే నాసిరకం, అంటుకోకపోతే మేలురకం అని నమ్మకం. ఈ పరీక్ష పడవ విషయంలో మోసం చేస్తుంది. చవకైన 202 రకమూ అయస్కాంతానికి అంటుకోదు. ఖరీదైన 316 రకమూ అంటుకోదు. పైగా మంచి 304 ఉక్కు కూడా, చల్లగా ఉండగానే వంచి, సాగదీసి బోల్టుగా మలిచినప్పుడు కొద్దిగా అంటుకొనవచ్చు. మన దేశంలో 1988 నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు నాణేలు వాడుకలో ఉన్నాయి. అవి అయస్కాంతానికి చక్కగా అంటుకొంటాయి. అంతమాత్రాన అవి స్టెయిన్‌లెస్ స్టీలు కాకుండా పోవు.

మరి గుర్తించడమెలా? మంచి బోల్టు తల మీద 'ఏ2' లేక 'ఏ4' అనే ముద్ర ఉంటుంది. మొదటిది 304 జాతి, రెండవది 316 జాతి. దాని పక్కన 70 లేక 80 అని ఉంటే, అది బోల్టు బలం: 80 అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల లాగుడును ఓర్చుకొంటుందని అర్థం. సముద్రానికి 'ఏ4' అనే ముద్ర వెతకాలి. షాకిల్ మీద అది మోయదగిన భారాన్ని ముద్రించి ఉండాలి. ఆ అంకె పని భారమా, తెగే భారమా అన్నది విధిగా అడగాలి. రెండింటికీ మధ్య ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. ఎక్కువ మొత్తంలో కొనేవారు కర్మాగారం ఇచ్చే పరీక్షాపత్రాన్ని కోరవచ్చు. మాలిబ్డినం ఉన్నదో లేదో తేల్చే చుక్కమందులు కూడా దొరుకుతాయి.

నునుపును కూడా చూడాలి. అద్దంలా మెరుగుపెట్టడం కేవలం అలంకారం కాదు. గరుకు పైతలం మీద ఉప్పు రేణువులు గూడు కట్టుకొంటాయి. నునుపు మీద వానకే జారిపోతాయి. వెల్డింగు చేసిన చోట నీలంగానో, పసుపుగానో రంగు మిగిలి ఉంటే అక్కడ కవచం దెబ్బతిన్నదని తెలుసుకోవాలి. ఆమ్లపు పూతతో ఆ రంగును తొలగించిన తరువాతనే ఆ వస్తువును తీసుకోవాలి.

మెరిసే చోట కాదు, దాగిన చోట

సముద్రపు గాలిలో కొన్ని నెలలు గడిచేసరికి, మంచి స్టీలు మీద కూడా టీ నీళ్ళు చిలికినట్టు మరకలు కనిపిస్తాయి. చూసినవారు కంగారుపడతారు. ఇవి చాలామట్టుకు పైపై మరకలే, తుడిస్తే పోతాయి. అసలు ప్రమాదం గాలి తగలని చోట ఉంటుంది.

డెక్కులోంచి కిందికి దిగే బోల్టును తీసుకోండి. పైన తల మెరుస్తూనే ఉంటుంది. కింద నట్టు మెరుస్తూనే ఉంటుంది. ఆ రెండింటికీ మధ్య, చెక్కలోనో ఫైబరులోనో దాగిన రెండంగుళాల భాగం ఎవరికీ కనపడదు. రంధ్రాన్ని మూసిన జిగురు ఏనాటికో బీటవారి, ఉప్పునీరు బొట్టుబొట్టుగా దిగి అక్కడే నిలుస్తుంది. ఆ నీటిలోని ప్రాణవాయువు త్వరలోనే ఖర్చయిపోతుంది. కొత్తది చేరే దారి లేదు. కవచం చిరిగిన చోట మళ్ళీ అతుక్కోదు. కరిగిన లోహం క్లోరైడును తనవైపు లాక్కొంటుంది. ఆ సందులోని నీరు క్రమంగా ఆమ్లంగా మారుతుంది. ఆమ్లం ఇంకా లోహాన్ని కరిగిస్తుంది. ఒకసారి మొదలైన ఈ చక్రం తనంత తాను ఆగదు. చివరకు విప్పి చూసేవారికి, రెండు చివరలా నిగనిగలాడుతూ, నడుము మాత్రం పెన్సిలు ముల్లులా సన్నబడిన బోల్టు కనిపిస్తుంది.

పక్కపట్టీ డెక్కును చీల్చుకొని దిగే చోటు, తీగ చివరను గొట్టంలో నొక్కి బిగించిన చోటు, కంచె స్తంభాల మొదళ్ళు, ఎన్నడూ కదిలించని వాషరు అడుగుభాగం: ఇవన్నీ ఈ వ్యాధికి పుట్టిళ్ళు. తీగ మీద తెల్లని ప్లాస్టిక్ తొడుగు వేస్తే చేతికి మెత్తగా, కంటికి ఇంపుగా ఉంటుంది. కాని ఆ తొడుగు ఉప్పునీటిని లోపల దాచి, గాలిని బయట ఆపుతుంది. అందుచేతనే నడిసముద్రపు పందేల భద్రతా నియమాలు, మనుషులు పడిపోకుండా డెక్కు చుట్టూ కట్టే స్టీలు తీగలకు తొడుగు ఉండరాదని శాసిస్తున్నాయి.

సహవాస దోషం

రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో తగులుకొని ఉంటే, అవి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. అందులో బలహీనమైనది కరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పక్కన అల్యూమినియం ఉంటే నష్టపోయేది అల్యూమినియమే. స్తంభం అల్యూమినియందై, దానికి స్టీలు మరలు బిగిస్తే, ఆ మర చుట్టూ తెల్లని పొడి రాలడం దీని లక్షణం. మర బాగానే ఉంటుంది. దానిని పట్టుకొన్న గోడ పోతుంది. రెండింటికీ మధ్య నైలాను వాషరు గాని, ఇందుకోసం అమ్మే లేపనం గాని ఉంచితే ఈ బాధ తప్పుతుంది. పెద్ద స్టీలు పలకకు చిన్న అల్యూమినియం రివెట్లు కొట్టడం మరీ ప్రమాదం. పెద్దదాని ఆకలికి చిన్నవి త్వరగా బలి అవుతాయి. నీటి అడుగు భాగాలను కాపాడడానికి జింకు దిమ్మలు బిగించేది కూడా ఈ సూత్రం మీదనే. జింకు తాను కరిగి తక్కిన లోహాలను నిలుపుతుంది. కనుక సగానికి పైగా కరిగిన జింకును వెంటనే మార్చాలి. దానికి రంగు మాత్రం వేయరాదు. రంగు వేసిన జింకు త్యాగం చేయలేదు.

సంరక్షణకు ఏడు సూత్రాలు

1. ప్రయాణం ముగియగానే మంచినీటితో కడగండి. ఇంతకు మించిన మందు లేదు. ఉప్పు ఎండి పేరుకొన్న కొద్దీ దాని గాఢత పెరుగుతుంది.

2. మరకలను మెత్తని గుడ్డతో, సబ్బునీటితో తుడవండి. మొండి మరకలకు ఆక్సాలిక్ ఆమ్లం గాని, సిట్రిక్ ఆమ్లం గాని కలిసిన లేపనం వాడి, ఆపైన బాగా కడగండి. చేతికి తొడుగులు తప్పనిసరి.

3. ఇనుప పీచుతో, ఇనుప బ్రష్షుతో రుద్దవద్దు. అవి వదిలిన ఇనుప నలుసులు తుప్పుపట్టి, ఆ తుప్పు స్టీలు కవచాన్నీ పాడుచేస్తుంది.

4. బ్లీచింగు ద్రవాలు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన బాత్‌రూము క్లీనర్లు దగ్గరికి రానీయవద్దు. అవి శత్రువును చేజేతులా ఇంటికి పిలవడమే.

5. నట్టు బిగించే ముందు మరల మీద తగిన గ్రీజు రాసి, నెమ్మదిగా తిప్పండి. పొడిగా, వేగంగా తిప్పితే స్టీలు నట్టూ బోల్టూ ఒకదానినొకటి కరచుకొని ఇక విడిపోవు, కోయవలసి వస్తుంది.

6. తీగ మీదుగా గుడ్డను నడపండి. పోగు తెగి ఉంటే గుడ్డ తగులుకొంటుంది. వట్టి చేతితో మాత్రం ఈ పని చేయవద్దు. ఒక్క పోగు తెగినా ఆ తీగ సేవ ముగిసినట్టే.

7. ఏడాదికొకసారి కొన్ని బోల్టులనైనా పూర్తిగా విప్పి చూడండి. భూతద్దంతో వంపుల దగ్గర, రంధ్రాల అంచుల దగ్గర వెతకండి. అనుమానమున్న చోట ఎర్రరంగు ద్రవం పూసి, తుడిచి, తెల్లని పొడి చల్లే పరీక్ష ఉన్నది. పగులు ఉంటే తెల్లదనంలో ఎర్రని గీతగా బయటపడుతుంది.

విప్పే కాలం

విప్పి చూడడానికి తీరిక ఎక్కడిదని పడవ యజమానులు అనవచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, యంత్రపు పడవల చేపలవేట నిలిపివేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ విరామం. వలలు బాగుచేసుకొనేందుకు, రంగులు వేసేందుకు ఆ రోజులను వాడుకొనడం ఉన్నదే. వాటిలో ఒక పూటను బోల్టులకు కేటాయించడం కష్టం కాదు. ఒక్కొక్క ఏడాది పడవలో ఒక్కొక్క భాగాన్ని విప్పుతూ పోతే, కొన్నేళ్ళలో చూడని మూల అంటూ మిగలదు. విప్పిన తేదీని, మార్చిన వస్తువును ఒక పుస్తకంలో రాసిపెట్టుకొంటే ఏ భాగం వయసెంతో తెలుస్తుంది. తీగలకు సంబంధించి పదేళ్ళు దాటిన వాటిని, పైకి ఎంత బాగున్నా, నిపుణుడికి చూపించడం మంచిది.

ఒక మంచి షాకిల్‌కూ, నాసిరకం షాకిల్‌కూ మధ్య ధరలో తేడా ఒకరోజు డీజిలు ఖర్చులో చిన్న భాగం కూడా కాదు. అయినప్పటికీ ఆ తేడాను మిగుల్చుకోవాలని చూసేవారు ఉన్నారు. మెరుపును చూసి కొనేవారూ, ఆ మెరుపునే చూసి ధీమాగా ఉండేవారూ ఉన్నారు. మామూలు ఇనుము ఈ విషయంలో నిజాయితీ కలది: తనకు రోగం వస్తే ఎర్రబడి, పొరలు రాల్చి, అందరికీ తెలిసేటట్టు చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తన బాధను చెప్పుకోదు. చివరి రోజు వరకు మొగం చెదరనీయదు. ఊస్టర్‌లో ఆ కడ్డీలను కప్పు వెనుకకు ఎక్కి సరిగా పరిశీలించి ఉంటే, పగుళ్ళు బయటపడేవి.

కనుక పడవను రేవునుంచి తోసే ముందు, ఎండలో తళతళలాడే భాగాలను చూసి సంతోషించండి, తప్పులేదు. కాని పడవ మీద ఉన్న ప్రాణాలు వేలాడుతున్నది మాత్రం, ఆ మెరుపు వెనుక, వాషరు కింద, చెక్క లోపల, గాలి సోకని ఆ రెండంగుళాల మీద.